చేప నోరు తెరిచిందని మేత వేస్తున్నారా? అక్వేరియం అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నాది చిన్న అక్వేరియం షాపు. ఇళ్లకు వెళ్లి ట్యాంకులు కూడా చూస్తుంటాను. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలాగే మొదలవుతాయి: "అన్నా, చేపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయ్, ఎంత ఫుడ్ ఏసినా ఆగుతలేవు." ముందు ఆ మేత డబ్బాకు మూత పెట్టమంటాను.

అపోహ: చేప పైకొచ్చి నోరు తెరిస్తే ఆకలేస్తున్నట్టు.

ఇంతకంటే ఎక్కువ చేపల్ని చంపిన అపోహ నాకు తెలియదు. ఆకలైన చేప మనిషి కనపడగానే అద్దం దగ్గరికి ఉరుకుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది. నీళ్ల అంచున వాలుగా నిలబడి, మొప్పలు గబగబా ఆడిస్తూ, మీరు దగ్గరికెళ్లినా కదలని చేపకు కావలసింది మేత కాదు, ఆక్సిజన్. ట్యాంకులో అది కాస్త ఎక్కువగా ఉండేది పైపొరలోనే, అందుకే అక్కడికి చేరుతుంది. మనం జాలిపడి ఇంకో చిటికెడు వేస్తాం. చేప తినదు. ఆ మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది, కుళ్లేటప్పుడు ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది. అమ్మోనియా మొప్పల్ని దెబ్బతీస్తుంది. చేప ఇంకా పైకొస్తుంది. మనం ఇంకో చిటికెడు.

"తిన్నదైతే ఏం కాదు గద సార్" అంటారు. తిన్నది కూడా చివరికి అమ్మోనియాగానే బయటికొస్తుంది, ఎక్కువ భాగం మొప్పల నుంచే. రెండడుగుల ట్యాంకులో పట్టేది 55 లీటర్ల నీళ్లు, అంతే. ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో పెరగాలి. కొత్త ట్యాంకులో అందుకు 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారమే గప్పీలు, మోలీలు, ఏంజెల్స్ అన్నీ వేసి పూటకో చెంచా మేత వేస్తే ఏ ఫిల్టరూ కాపాడలేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. బోరు నీళ్లు చాలాచోట్ల హార్డ్ వాటర్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 దగ్గర ఉండటం మామూలే. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పదింతలు అవుతుంది. ఎండాకాలం సరేసరి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఎయిర్ పంప్ ఆగిందంటే ఇక చెప్పేదేముంది.

చేపలు అలా పైన నిలబడితే మేత ఆపండి, ఎయిర్ పంప్ పెంచండి, మూడో వంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ (నీళ్లలోని క్లోరిన్‌ను పోగొట్టే చుక్కలు) వేశాకే పోయండి. మర్నాడు మళ్లీ మార్చండి. టెన్షన్ పడి ఏదో ఒక మందు పోయకండి.

మరి ఎంత వేయాలి? రెండు నిమిషాల్లో మొత్తం ఖాళీ అయ్యేంత, రోజుకు ఒకసారి. లేదా అదే మొత్తాన్ని రెండు పూటలుగా. ఏంజెల్స్ ఉన్నచోట నియాన్ టెట్రాలకు ఏమీ మిగలదు కాబట్టి ఫ్లేక్స్ నలిపి రెండు మూలల్లో చల్లండి. అడుగున తిరిగే కోరిడోరాస్ లాంటివాటికి లైటు తీశాక మునిగే పెల్లెట్లు ఒకటి రెండు. పిల్ల చేపల లెక్క వేరు, వాటికి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వేయాలి.

కాజీపేటలో ఒక ఇంటాయన "మేం రోజుకు ఒక్కసారే ఏస్తం" అని ఒట్టేసినంత పని చేశారు. అబద్ధం కాదు. పొద్దున వాకింగ్ నుంచి వచ్చి తాతయ్య ఒక్కసారి, బడికి పోయేముందు పాప ఒక్కసారి, రాత్రి డ్యూటీ దిగి ఆయన ఒక్కసారి. మధ్యాహ్నం నానమ్మ అన్నం మెతుకులు వేసేదట, "నోరు లేని జీవాలు, పస్తులుంటయా బిడ్డా" అని. ఆమెను ఏమనగలం? వారానికి ఏడు గదులుండే తాతయ్య బీపీ మాత్రల డబ్బా లాంటిదే ఇంకోటి తెప్పించి, ఆరు గదుల్లో మేత నింపి, ఆదివారం గది ఖాళీగా వదిలి, డబ్బా పాప చేతికిచ్చాం. చేపలు బాగున్నాయి. ఆదివారం సంగతి మాత్రం నానమ్మకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సక్కర్ చేప మిగిలిన మేతనూ మలాన్నీ శుభ్రం చేస్తుందంటారు. చేయదు. అది పాచి గీకుతుంది, దానికీ మేత వేయాలి, ఒక అడుగు పొడవు దాటి పెరుగుతుంది, ట్యాంకులో అందరికంటే ఎక్కువ మలం దానిదే.

చలికాలం హీటర్ లేకపోతే చేపకు అరుగుదల తగ్గుతుంది, మేతా తగ్గించండి.

చేప చస్తే ఇంటి కీడు తీసుకుపోయిందంటారు. మీ నమ్మకంతో నాకు పేచీ లేదు. కానీ వారం వారం కీడు వస్తోందంటే ఆ ట్యాంకు నీళ్లకు ఒకసారి అమ్మోనియా టెస్ట్ చేయించండి.

ఊరికి పోతే చేపలు ఏమవుతాయని చాలామందికి బెంగ. మేడారం జాతరకు పోయి నాలుగైదు రోజులకు తిరిగొచ్చినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు. వెళ్లేముందు నీళ్లు కొన్ని మార్చి, ఫిల్టర్ ఆన్‌లో ఉంచి పోండి. మేత డబ్బా మాత్రం పక్కింటివాళ్లకు ఇవ్వకండి.