తెగే ముందు ఉక్కు ఎంత సాగుతుంది?

జానెడు మెత్తటి ఇనుప తీగను కొద్దిగా వంచి వదిలితే అది మళ్లీ నిటారుగా నిలుస్తుంది. మరికాస్త గట్టిగా వంచితే వంపు అలాగే ఉండిపోతుంది. ఆ వంపును సరిచేయబోతే, తీగ సరిగ్గా వంగిన చోట కాకుండా దాని పక్కన వంగుతుంది. అంటే ఒకసారి వంగిన చోటు మునుపటికంటే గట్టిపడిందన్న మాట. అదే చోట ముందుకూ వెనక్కూ పదే పదే వంచి, ఆ మలుపును పెదవికి తాకించి చూస్తే వెచ్చగా తగులుతుంది. ఇంకొన్నిసార్లు వంచితే పుటుక్కున తెగిపోతుంది. లోహాలను పరీక్షించే శాస్త్రంలో చాలా భాగం ఈ తీగలోనే ఉంది.

ప్రయోగశాలలో ఇదే పనిని కొలతలతో చేస్తారు. 10 మిల్లీమీటర్ల వ్యాసం గల మైల్డ్ స్టీల్ (కార్బన్ తక్కువగా ఉండే మెత్తటి ఉక్కు) కడ్డీ మీద 50 మిల్లీమీటర్ల ఎడంతో రెండు గుర్తులు పెట్టి, రెండు కొసలనూ యంత్రపు దవడల్లో బిగించి నెమ్మదిగా లాగుతారు. దాదాపు 2 టన్నుల బరువుకు సమానమైన బలం చేరేదాకా ఆ గుర్తుల మధ్య దూరం పెరిగేది సుమారు 0.06 మిల్లీమీటరు మాత్రమే. అది కంటికి ఆనదు కనుక ఎక్స్‌టెన్సోమీటరు అనే సున్నితమైన పరికరంతో కొలుస్తారు. ఈ దశలో బలం ఎంత పెరిగితే సాగుదల అదే నిష్పత్తిలో పెరుగుతుంది, బలం తీసేస్తే కడ్డీ పూర్వపు పొడవుకు వచ్చేస్తుంది. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం ఇదే.

ఆ హద్దు దాటాక జరిగేది ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. యీల్డ్ పాయింట్ అనే ఆ చోట బలాన్ని చూపే ముల్లు ఆగిపోతుంది, ఒక్కోసారి కొంచెం వెనక్కి కూడా వస్తుంది. కడ్డీ మాత్రం సాగుతూనే ఉంటుంది. మెరుగుపెట్టిన కడ్డీ అయితే దాని ఒంటి మీద ఏటవాలు చారలు పుట్టి పాకడం కనబడుతుంది. తరువాత లోహం గట్టిపడుతూ మళ్లీ ఎదురు నిలుస్తుంది, బలం 3 టన్నులు దాటుతుంది. అప్పుడు ఏదో ఒక చోట కడ్డీ నడుము సన్నబడటం మొదలై, ముల్లు దిగుతూ దిగుతూ ఉండగా పెద్ద చప్పుడుతో తెగుతుంది. ఒక ముక్క కొస గిన్నెలాగా, రెండోది అందులో ఇమిడే శంకువులాగా ఉంటుంది. ముట్టుకుంటే రెండూ వెచ్చగానే ఉంటాయి. ముక్కలను జోడించి కొలిస్తే ఆ 50 మిల్లీమీటర్లు 62 దాకా అయి ఉంటాయి. తిరిగి వచ్చే సాగుదలకు ఇది దాదాపు 200 రెట్లు. వంతెనలో, క్రేనులో మనల్ని కాపాడేది ఈ రెండో సాగుదలే, ఎందుకంటే తెగబోయే ముందు ఉక్కు వంగి, జారి, కంటికి కనబడేలా హెచ్చరిస్తుంది.

లోహం అసలు ఎందుకు లొంగుతుంది? పరమాణువుల పొర మీద పొర మొత్తం ఒక్కసారిగా జారాలంటే ఎంత బలం కావాలో 1926లో భౌతిక శాస్త్రవేత్త యాకోవ్ ఫ్రెంకెల్ లెక్కగట్టినప్పుడు, స్వచ్ఛమైన మెత్తటి లోహపు స్ఫటికాలు అందులో వెయ్యో వంతుకే లొంగిపోతున్నాయని తేలింది. జవాబును 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారే కనుగొన్నారు. స్ఫటికంలో పరమాణువుల వరుస కుదరని గీతల్లాంటి లోపాలుంటాయి. వాటిని డిస్‌లొకేషన్లు అంటారు. జిప్పు పళ్లన్నీ ఒక్కసారిగా ఊడదీయడం కష్టం, జారుడు ముక్కను లాగితే ఒక్కొక్క పన్నే సులువుగా విడుతుంది. డిస్‌లొకేషన్ కూడా ముందున్న బంధాన్ని తెంచుతూ కదులుతుంది. తేడా ఏమిటంటే దాని వెనుక వెంటనే కొత్త బంధం ఏర్పడుతుంది. అందుకే లోహం ఆకారం మారుతుంది గాని విడిపోదు.

ఈ లోపాలు సాగే కొద్దీ పుట్టుకొస్తాయి. కాల్చి చల్లార్చిన మెత్తటి లోహంలో చదరపు సెంటీమీటరు కోతకు పది లక్షల నుంచి కోటి దాకా ఉండే డిస్‌లొకేషన్లు, బాగా వంచి సాగదీసిన లోహంలో పదివేల కోట్లు దాటుతాయి. అన్నీ ఒకదానికొకటి అడ్డం పడి చిక్కుకుంటాయి. మన తీగ వంగిన చోటే మళ్లీ వంగకపోవడానికి కారణం ఈ చిక్కుముడే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటి చెప్పి తీరాలి. ఉక్కును ఎంత గట్టిపరచినా హుక్ దశలో అది సాగే తీరు దాదాపు మారదు, ఎందుకంటే అది పరమాణు బంధాల బిగువును బట్టి ఉంటుంది. వేలాడిపోతున్న దూలానికి మరింత బలమైన రకం ఉక్కు వాడితే అది ఆలస్యంగా లొంగుతుందే తప్ప, వేలాడటం తగ్గదు. దూలం లోతు పెంచాలి.

నెమ్మదిగా లాగితే చక్కగా సాగిన ఉక్కు, చలిలో దెబ్బ తగిలితే గాజులా పగలవచ్చు. 1943 జనవరి 16 రాత్రి అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో, నిశ్చలమైన నీటిలో ఆగి ఉన్న స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు నౌక దాదాపు రెండు ముక్కలైంది. అలాంటి ఉక్కును పసిగట్టేది చార్పీ పరీక్ష: గాటు పెట్టిన చిన్న ముక్కను లోలకపు సుత్తితో కొట్టి, పగలడానికి ఎంత శక్తి పట్టిందో వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర చూస్తారు. రాగి, అల్యూమినియం మాత్రం గడ్డకట్టే చలిలోనూ సాగుతాయి.

ఇక లోహపు అలసట, అంటే చిన్న బలమే పదే పదే పడి లోహం విరిగిపోవడం. 1842లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ దగ్గర ఇంజను ఇరుసు విరిగి ఘోర రైలు ప్రమాదం జరిగింది. నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులను లక్షల సార్లు తిప్పి పరీక్షించి, యీల్డ్ పాయింట్‌కు చాలా తక్కువ బలమైనా పదే పదే పడితే లోహం విరుగుతుందని నిరూపించాడు. అలా విరిగిన ఇరుసులో సాగిన జాడే ఉండదు. దాని పగులు ముఖం చూస్తే, ఒక మూల నుంచి ఆల్చిప్ప గీతల్లాంటి నునుపైన భాగం, ఆ తర్వాత చివర్లో ఒక్కసారిగా తెగిన గరుకు భాగం కనిపిస్తాయి. గరుకు భాగం ఎంత చిన్నదైతే, ఆ ఇరుసు లోపలి పగులుతోనే అంత కొద్దిపాటి లోహం మీద ఆధారపడి పరిగెత్తిందన్న మాట.