హెల్త్ డేటా ఎవరికి ఇవ్వాలి? అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తాను. డేటా కావాలని మెడికల్ కాలేజీలు, ఏఐ స్టార్టప్‌లు పెట్టే దరఖాస్తులు ముందు నా టేబుల్ మీదికే వస్తాయి. పేషెంట్లూ డాక్టర్లూ నాతో తరచూ అనే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేరు, ఫోన్ నంబర్ తీసేస్తే ఎవరిదో తెలియదు.

వాస్తవం: అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990ల్లోనే ఇది తప్పని చూపించారు. పేర్లు లేని ఆసుపత్రి రికార్డులను ఓటర్ల జాబితా పక్కన పెట్టి, మసాచుసెట్స్ గవర్నర్ విలియం వెల్డ్ రికార్డు ఏదో పట్టేశారు. అందుకు పుట్టిన తేదీ, పిన్‌కోడ్, ఆడో మగో తెలిస్తే సరిపోయింది. మన దగ్గర ఇంకా తేలిక. ఊళ్లో డయాలసిస్‌కు వెళ్లే ముప్పై నాలుగేళ్ల మనిషి ఒక్కరే ఉంటే, పేరు ఊళ్లోవాళ్లే చెప్పేస్తారు.

మేమూ ఒకసారి పొరపాటు అంచుదాకా వెళ్లాం. ఒక కంపెనీకి పంపాల్సిన అల్ట్రాసౌండ్ ఫైళ్లలో పేర్లన్నీ తుడిచేశాం. పంపే ముందు రోజు తెరిచి చూస్తే, స్కాన్ బొమ్మ పైమూలనే పేషెంట్ల పేర్లు అచ్చయి ఉన్నాయి. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. అప్పటి నుంచి ప్రతి బొమ్మనూ మనిషి కళ్లతో చూశాకే పంపుతున్నాం. పుట్టిన తేదీ బదులు వయసు గ్రూపు, ఊరి బదులు జిల్లా ఇస్తున్నాం.

అపోహ: ప్రైవేటు కంపెనీకి ఇచ్చారంటే అమ్ముకున్నట్టే.

వాస్తవం: ఏ షరతుల మీద ఇచ్చారన్నదే అసలు విషయం. బ్రిటన్‌లోనే రెండు ఉదాహరణలున్నాయి. లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి దాదాపు 16 లక్షల మంది పేషెంట్ల వివరాలను గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్‌కు ఇచ్చింది. కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినడాన్ని ముందే గుర్తించే యాప్ కోసం. ఉద్దేశం మంచిదే, కానీ పేషెంట్లకు సరిగా చెప్పలేదు. అది డేటా రక్షణ చట్టానికి విరుద్ధమని 2017లో అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది.

రెండోది యూకే బయోబ్యాంక్, పరిశోధన కోసం జనం ఆరోగ్య సమాచారాన్ని భద్రపరిచే సంస్థ. 5 లక్షల మంది తెలిసి, ఒప్పుకుని ఇచ్చిన సమాచారం అది. వాళ్ల జన్యువులను చదివే ఖర్చు రీజెనెరాన్ లాంటి మందుల కంపెనీలు పెట్టుకున్నాయి. అందుకు బదులుగా ఆ ఫలితాలు కొన్ని నెలలు వాటికే దక్కాయి. గడువు తీరాక, అనుమతి పొందిన ఇతర పరిశోధకులందరికీ అందుబాటులోకి వచ్చాయి. కంపెనీకి లాభం, జనానికి జ్ఞానం, రెండూ కాగితం మీద ముందే రాసుకున్న బేరం. నాకు నచ్చిన పద్ధతి ఇదే. నా ముందుకొచ్చే ఒప్పందాల్లో 'మా ఆసుపత్రికీ, పేషెంట్లకూ తిరిగి ఏం ఇస్తారు' అన్న చోట ఖాళీ ఉంటే వెనక్కి పంపిస్తాను.

అపోహ: ఎవరికీ ఇవ్వకపోతే గొడవే లేదు.

వాస్తవం: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకు తెచ్చుకోండి. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఇన్నేళ్లుగా కిడ్నీలు పాడవుతూనే ఉన్నాయి. కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు. రక్తపరీక్షలు ఒకచోట, నీళ్ల పరీక్షలు ఇంకోచోట, డయాలసిస్ రికార్డులు మరోచోట ఉంటే ఆ చిక్కు వీడదు. బీరువాలో దాచిన కేస్ షీట్ వల్ల కూడా మనుషులకు నష్టం జరుగుతుంది.

అపోహ: ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య గుర్తింపు) తీసుకుంటే రికార్డులన్నీ ఒకే సర్వర్‌లోకి పోతాయి.

వాస్తవం: పోవు. ఆ 14 అంకెల నంబర్ కేవలం గుర్తింపు. రికార్డు పుట్టిన ఆసుపత్రిలోనే ఉంటుంది, మీరు ఒప్పుకుంటేనే ఇంకొకరికి కనిపిస్తుంది.

అపోహ: అడ్మిషన్ ఫారంలో సంతకం పెట్టామంటే అన్నింటికీ ఒప్పుకున్నట్టే.

వాస్తవం: వైద్యానికి ఒప్పుకోవడం వేరు, పరిశోధనకు ఒప్పుకోవడం వేరు. పేర్లు తీసేసిన పాత రికార్డుల విషయంలో, పరిశోధనలు సబబో కాదో చూసే ఎథిక్స్ కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు, అది వేరే సంగతి. పరిశోధనకు ఒప్పుకున్నాక కూడా వెనక్కి తగ్గవచ్చని, దానివల్ల వైద్యంలో తేడా రాకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి ఈసారి కౌంటర్ దగ్గర ఫారం చేతికిచ్చినప్పుడు, "ఈ సంతకం వైద్యానికా, రీసెర్చ్‌కా?" అని అడగండి. వాళ్లకు తెలియకపోతే మా విభాగానికి పంపమనండి.