మత్తు డాక్టరు పని సూదితో అయిపోదు

ఆపరేషన్‌కు ముందు రోజు పేషెంటు మంచం దగ్గరికెళ్లి "నేను మీకు మత్తు ఇచ్చే డాక్టర్ని" అంటే, "మరి అసలు డాక్టరుగారు ఎప్పుడొస్తారు?" అని అడుగుతారు చాలామంది. మనసు చివుక్కుమంటుంది. నా గురించి కాదు, నన్ను డాక్టరు అనుకోనివాళ్లు నాకు చెప్పాల్సినవి దాచేస్తారని భయం.

అపోహ: ఇంజెక్షన్ ఇచ్చేసి వెళ్లిపోతారు.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. కండరాలు సడలించే మందు పడ్డాక మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. ఆ ఊపిరి పూచీ మాది. సర్జన్ చూపు కోత మీద ఉంటే మా చూపు మిగతా మనిషంతటి మీదా ఉంటుంది. వేలికి తొడిగిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మానిటరు 'టిక్' మంటుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ శ్రుతి దిగుతుంది. సిరంజిలోకి మందు తీసుకుంటున్నా సరే, శ్రుతి ఒక్క మెట్టు దిగిందంటే మా తల అటు తిరుగుతుంది. పేషెంటు మెలకువలోకి వచ్చి, పిలిస్తే పలికి, తన ఊపిరి తాను తీసుకునేదాకా పక్కనే ఉంటాం.

అపోహ: ఖాళీ కడుపు అనేది మాటవరసకు చెప్పేదే.

వాస్తవం: మత్తులో దగ్గు, మింగుడు పనిచేయవు. కడుపులోది పైకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సాధారణంగా మంచినీళ్లు 2 గంటల ముందే ఆపాలి, తేలికపాటి తిండికి కనీసం 6 గంటలు. పాలు చూడ్డానికి ద్రవమే కానీ కడుపులో విరిగి గడ్డకడతాయి, అందుకే వాటికీ 6 గంటలే. ఒకసారి మంచం కింద అడుగున తెల్లచార ఉన్న గ్లాసు చూసి పట్టుకుంది మా నర్సు. ఆపరేషన్ వాయిదా పడింది. ఇంటివాళ్లు ఆమె మీద విరుచుకుపడ్డారు. ఆ రోజు ఆ మనిషికి అందరికంటే ఎక్కువ మేలు చేసింది ఆమే.

అపోహ: వెన్నులో సూది గుచ్చితే జీవితాంతం నడుము నొప్పే.

వాస్తవం: ఆ సూది మందం దాదాపు అర మిల్లీమీటరు. గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు. కొద్దిమందికి తలనొప్పి వస్తుంది, చెబితే వైద్యం ఉంది. ఏళ్ల తరబడి వేధించే నడుము నొప్పికి కారణం వేరే చోట వెతకాలి.

అపోహ: థియేటరు బయట వీళ్లకు పనిలేదు.

వాస్తవం: 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించి రోగులకు ఊపిరాడనప్పుడు, గొంతులో ట్యూబు పెట్టి రబ్బరు సంచితో గాలి పంపే మార్గం చూపింది ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. నేటి ఐసీయూకి పునాది అదే. పుట్టగానే బిడ్డ రంగు, ఊపిరి, గుండె వేగం చూసి వేసే అప్‌గార్ స్కోరును అదే ఏడాది ప్రతిపాదించిన వర్జీనియా అప్‌గార్ కూడా మత్తు వైద్యురాలే.

కాబట్టి ముందు రోజు మేం వచ్చి అడిగితే అన్నీ చెప్పండి: కదిలే పన్ను, గురక, వాడే మందులు, పొగ, మద్యం, ఇంతకుముందు మత్తిచ్చినప్పుడు మీకుగానీ రక్తసంబంధీకులకుగానీ వచ్చిన ఇబ్బంది. ఇంటివాళ్ల ముందు చెప్పలేనిదుంటే, వాళ్లను కాసేపు బయటికి పంపమని నన్నే అడగండి.