కాజీపేటలోనే ఆరిపోయిన ఆట

ఖమ్మం

చిరంజీవులు చిన్నూ, అమ్మలూ,

తాతయ్య ఆశీస్సులు. మీరు వెళ్లిన మర్నాడే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నానమ్మ ఆవకాయ జాడీలకు గుడ్డలు కట్టే పని నాకు అప్పజెప్పడంతో వారం ఆలస్యమైంది.

సెలవులకి వచ్చిన రోజు రైలు దిగుతున్న చిన్నుగాడి మొహం నాకింకా గుర్తుంది. సికింద్రాబాదులో నూరు శాతం ఛార్జింగుతో ఎక్కాడట. కాజీపేట వచ్చేసరికి గెలవబోతున్న రేసు మధ్యలో స్టీమ్ డెక్, అదే చేతిలో పట్టుకుని ఆడే మీ వీడియో గేముల మిషన్, తెర నల్లబడిపోయిందట. బోగీలో ప్లగ్గు పనిచెయ్యలేదు. "బాబాయి పాడైపోయిన బ్యాటరీ ఉన్నది అంటగట్టాడు తాతయ్యా" అన్నాడు. పాపం, ఆ బాబాయి దాన్ని అమెరికాలోని బెల్‌వ్యూ నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. దాన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీదీ ఆ ఊరే.

ముప్ఫై ఏళ్లు కరెంటాఫీసులో పనిచేసినవాణ్ణి కదా, మీటరు ఎక్కువ తిరుగుతోందని ఎవరైనా వస్తే ముందు వాళ్లింట్లో ఏమేం నడుస్తున్నాయో అడిగేవాణ్ణి. మీ డెక్ దగ్గరా అదే చేశాను. మధ్యాహ్నాలు మీరు నిద్రపోతున్నప్పుడు నేనూ, నా పాత నోటుబుక్కూ, మీ మెక్సికో కార్ల ఆటా. రోడ్డు మీద కంటే చెట్ల మీదికే ఎక్కువ తోలాననుకోండి.

మీది ఎల్‌సీడీ తెర ఉన్న మోడల్. దాని బ్యాటరీలో పట్టేది 40 వాట్-అవర్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్టంటే 1000 వాట్-అవర్లు. మన హాల్లోని 75 వాట్ల పాత ఫ్యాను అరగంట తిరిగితే దాదాపు మీ బ్యాటరీ అంతా అయిపోయినట్టే. అంత చిన్న చెంబుడు నీళ్లతో మీరు మడి మొత్తం తడపాలని చూస్తున్నారు! లెక్క ఒక్కటే: 40ని డెక్ లాగుతున్న వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. మీ కార్ల ఆట ఫోర్జా హొరైజన్ 5 మీరు పెట్టిన సెట్టింగులతో 20 వాట్లు లాగుతోంది. 40ని 20తో భాగించండి. రెండు గంటలు. సికింద్రాబాదు నుంచి కాజీపేట! బ్యాటరీ శుభ్రంగా ఉంది, బాబాయికి ఫోన్ చేసి సారీ చెప్పు.

ఈ వాట్లు ఎక్కడ కనిపిస్తాయంటారా, కుడివైపు ప్యాడ్ కింద మూడు చుక్కల బటన్ ఉంటుంది. నొక్కితే పక్కన వచ్చే మెనూలో బ్యాటరీ బొమ్మ ఉన్నచోట పర్ఫార్మెన్స్ ఓవర్‌లే అని ఉంటుంది. దాన్ని రెండో మెట్టులో పెడితే తెర పైన సన్నగా ఒక వరస వస్తుంది: ఎన్ని వాట్లు, సెకనుకి ఎన్ని ఫ్రేములు (అంటే బొమ్మలు), గ్రాఫిక్స్ చిప్ ఎంత శాతం పనిలో ఉంది, అన్నీ. అది చూడకుండా సెట్టింగులు మార్చడమంటే మీటరు చూడకుండా బిల్లు రాయడమే. మా ఆఫీసులో అలా రాసినవాళ్లూ ఉన్నారు, ఆ కథ ఇంకోసారి.

మొదట కట్టెయ్యాల్సింది ఫ్రేముల్ని. మీ తెర సెకనుకి 60 సార్లు మారగలదు. దాన్ని 40 దగ్గర ఆపండి. 40 ఎందుకంటే, 30 దగ్గర ఒక్కో బొమ్మ 33.3 మిల్లీసెకన్లు ఉంటుంది, 60 దగ్గర 16.7. ఆ రెంటికీ సరిగ్గా నడుమన ఉన్నది 25, అంటే సెకనుకి 40 బొమ్మలు. అంకెల్లో 30కే దగ్గరగా కనిపిస్తుంది గానీ కంటికి సగం దారి వచ్చేసినట్టే. నేను 60 పెట్టి చూశాను, 40 పెట్టి చూశాను. నా కళ్లజోడుకి తేడా తెలియలేదు. చిన్నుకి తెలిసింది, కానీ రెండు నిమిషాలు ఆడాక మర్చిపోయాడు.

ఆఖరి ఫ్రేములే అన్నిటికంటే ఖరీదు. చిప్పుని వేగంగా పరిగెత్తించాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, చిప్పు తినే పవరేమో వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. వోల్టేజీ పది శాతం పెరిగితే పవరు ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది, వేగం పెంచిన ఖర్చు దాని మీద అదనం. బండిని ఎనభైలో తోలితే మైలేజీ ఎలా పడిపోతుందో మీ నాన్ననడగండి.

ఇక గ్రాఫిక్సు. చెయ్యి చాపినంత దూరంలో ఏడంగుళాల తెర పట్టుకున్నప్పుడు మీకు నిజంగా ఏం కనిపిస్తుందో అదే చూసుకోండి. నీడల్ని అల్ట్రా నుంచి మీడియంకి దించాను. చెట్టు నీడ అంచు కాస్త మెత్తబడింది, అంతే. గంటకి రెండొందల కిలోమీటర్ల వేగంతో పోతూ చెట్టు నీడ అంచు ఎవడు చూస్తాడు? ప్రతిబింబాలూ తగ్గించాను. టెక్స్చర్లని, అంటే వస్తువుల మీద అతికించే పైపూత బొమ్మల్ని, మాత్రం కదపలేదు. అవి ఎక్కువగా మెమరీని ఆక్రమిస్తాయి, చిప్పుని అంతగా అలసటపెట్టవు. మీ డెక్‌లో 16 జీబీ ఉంది, సరిపోతుంది.

రెజల్యూషన్ జోలికి చివర్లో వెళ్లండి. 1280కి 800 అంటే పది లక్షల పైచిలుకు చుక్కలు. 960కి 600 చేస్తే 5 లక్షల 76 వేలు. చిప్పుకి దాదాపు సగం పని తగ్గుతుంది, ఎఫ్‌ఎస్‌ఆర్ అనే ఫిల్టరు ఆ చిన్న బొమ్మని సాగదీసి తెర నింపుతుంది. కార్లు బాగానే కనబడతాయి. అక్షరాలు మాత్రం తడిసిన పేపరులా అయిపోతాయి. నాకు నచ్చలేదు.

టీడీపీ లిమిట్ అని ఇంకొకటుంది, చిప్పుకి గరిష్ఠంగా ఎన్ని వాట్లివ్వాలో అది చెబుతుంది. పూర్తిగా 15. చిన్నుగాడు ఎవరో చెప్పారని దాన్ని ఏకంగా 5కి దించి, ఆట ఆగి ఆగి నడుస్తోందని విసుక్కున్నాడు. ముందు ఫ్రేములు కట్టి, నీడలు దించి, ఆ తర్వాత టీడీపీని ఒక్కో వాటే తగ్గించుకుంటూ రావాలిరా. ఫ్రేములు 40 నుంచి జారడం మొదలవగానే ఒక వాటు వెనక్కి ఇచ్చెయ్యాలి.

ఇవన్నీ అయ్యాక నా నోటుబుక్కులో 14 వాట్లు వచ్చింది. అంటే రెండు గంటల యాభై నిమిషాలు. మన ప్రయాణం మూడున్నర గంటలు! డోర్నకల్ దగ్గర మళ్లీ ఏడుపే. అందుకని 30 ఫ్రేములు పెట్టి, వెలుతురు తగ్గించి, వైఫై ఆపేశాను. 11 వాట్లు. మూడు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలు. కాబట్టి ఇంట్లో 40, రైల్లో 30. ప్రతి ఆటకీ విడిగా గుర్తుపెట్టుకునే పర్-గేమ్ ప్రొఫైల్ అని ఉంది, అది ఆన్ చేసుకోండి. లేకపోతే అన్నకోసం పెట్టినవి అమ్మలు ఆటకీ అంటుకుంటాయి. అమ్మలు పొలం ఆట స్టార్‌డ్యూ వ్యాలీ ఎలా ఆడినా 8 వాట్లు దాటలేదు, దాన్నేమీ ముట్టుకోకండి. పొలం పని చేసేవాళ్లకి ఎప్పుడూ తక్కువతోనే గడుస్తుంది మరి.

బాబాయి దగ్గరున్నది ఓఎల్‌ఈడీ అనే వేరే రకం తెర ఉన్న డెక్. దాని బ్యాటరీ 50 వాట్-అవర్లు, తెర 90 సార్లు మారుతుంది, అందులో సగం 45 పెట్టుకుంటే హాయిగా నడుస్తుంది. వాడితో పోల్చుకుని దెబ్బలాడుకోవద్దు.

ఒక్క విషయంలో మాత్రం కోప్పడాలి. మే నెల మధ్యాహ్నం మేడమీద గదిలో, దుప్పటి మీద పెట్టి ఆడారు. ఆ మిషన్ 35 డిగ్రీల లోపే సరిగ్గా పనిచేస్తుందని కంపెనీవాళ్లే చెప్పారు. అంతకు మించితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. ఆ రోజు ఇక్కడ నలభై దాటింది. పైగా దుప్పటి వెనకనున్న గాలి రంధ్రాల్ని మూసేసింది. ఫ్యాను అరుస్తూనే ఉంది, అమ్మలు పొలం ఆట అయ్యేసరికి దాన్ని పట్టుకోలేకపోయాను.

దసరాకి వచ్చేటప్పుడు రైలెక్కగానే 30 పెట్టండి. కాజీపేట, మహబూబాబాద్, డోర్నకల్ దాటినప్పుడల్లా ఎంత శాతం ఉందో కాగితం మీద రాసిపెట్టండి. నా నోటుబుక్కులో ఆ వరస ఖాళీగా ఉంచాను. హాల్లో వదులైన ప్లగ్గు మార్పించాను, ఛార్జరు మాత్రం మర్చిపోకండి.

మీ
తాతయ్య