నేరాల చట్టం మారింది పిల్లలూ, మారిందేమిటో చూద్దాం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి, అదే మనమంతా ఐపీసీ అనేది, పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చిందని బళ్లో చెప్పే ఉంటారు. తెల్లవాళ్ల చట్టం పోయి మన చట్టం వచ్చిందని పరీక్షలో ఒక్క వాక్యం రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ ఒక్క వాక్యంతో ఊరుకోకండి. చాలా ఏళ్లు కోర్టుల్లో ప్లీడరుగా తిరిగినవాణ్ణి, ఆ పాత పుస్తకంతోనే బతికినవాణ్ణి. అందుకే ఈ ఉత్తరం.

ఈస్టిండియా కంపెనీ పాలనలో 1834లో చట్టాలు రాయడానికి మొదటి లా కమిషన్ వేశారు. దానికి పెద్దగా ఉన్నవాడు మెకాలే అనే ఇంగ్లిషు దొర. 1837 నాటికి చిత్తుప్రతి సిద్ధం చేశాడు. అది ఇరవై ఏళ్లకు పైగా మూలన పడి ఉంది. 1857 తిరుగుబాటు జరిగి, కంపెనీ పోయి, రాణి పాలన వచ్చాక 1860లో చట్టమైంది. 1862 జనవరి 1 నుంచి అమలైంది. మొత్తం 511 సెక్షన్లు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ పుస్తకం బాగా రాసిన పుస్తకం. చాలా నేరాలకు, ఏది వాటి కిందికి వస్తుందో, ఏది రాదో చిన్న చిన్న కథల్లా ఉదాహరణలు ఇచ్చారు. ఎ అనేవాడు కుక్కలు ఇష్టపడే తిండి జేబులో వేసుకుని జెడ్ కుక్కను తన వెంట రప్పించుకుంటాడు. దాన్ని కాజేయాలన్నదే వాడి ఉద్దేశమైతే, కుక్క వాడి వెనక నడవడం మొదలుపెట్టిన క్షణానే దొంగతనం పూర్తయినట్టు. ఎంత స్పష్టంగా ఉందో చూడండి! ఈ ఉదాహరణ కొత్త చట్టంలోనూ అలాగే ఉంది. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదన్న పాత నియమమూ అలాగే ఉంది. కాబట్టి పాతది కనుక చెడ్డది అని తేల్చేయడానికి వీల్లేదు.

తప్పు మరోచోట ఉంది. ఆ చట్టం రాసినవాళ్లు మనల్ని పౌరులుగా చూడలేదు. 1870లో అందులో 124ఎ అనే సెక్షన్ చేర్చారు. ప్రభుత్వం మీద జనానికి విరక్తి పుట్టేలా రాసినా, మాట్లాడినా రాజద్రోహం. 1908లో ఈ సెక్షన్ కిందే తిలక్‌ను ఆరేళ్లు బర్మాలోని మాండలే జైలుకు పంపారు. అదే ఏడాది బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన మన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని, పత్రికలో రాసిన రాతకే జైల్లో పెట్టారు. 1922లో అహ్మదాబాద్ కోర్టులో గాంధీగారు నేరం ఒప్పుకుంటూనే, పౌరుల స్వేచ్ఛను అణచడానికి పుట్టిన సెక్షన్లన్నిటికీ ఇది యువరాజు లాంటిదని జడ్జి ముఖం మీదే చెప్పారు. ఆయనకూ ఆరేళ్లే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ సెక్షన్ పోయిందనుకుంటున్నారా? పోలేదు. 1962లో సుప్రీంకోర్టు హింసకు పురికొల్పితేనే వర్తిస్తుందని హద్దు గీసి ఉండనిచ్చింది. చివరికి 2022 మేలో దాని అమలు నిలిపేయమంది. కొత్త సంహితలో రాజద్రోహం అన్న పేరు లేదు. ప్రభుత్వాన్ని తిట్టడం వేరు, దేశాన్ని ముక్కలు చేయబూనడం వేరు అన్న తేడా చూపించారు, అది మంచిదే. కానీ దాని చోట వచ్చిన 152వ సెక్షన్‌లో దేశ సార్వభౌమత్వానికి, సమగ్రతకు ప్రమాదం తెచ్చే చేతలు, మాటలు అంటూ చాలా విశాలమైన పదాలు వాడారు. శిక్ష యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. విశాలమైన పదం పోలీసు చేతికి దొరికితే ఏమవుతుందో గాడిచర్ల గారి కథే చెబుతుంది. నాకు ఈ సెక్షన్ మీద బెంగ తీరలేదు. పైగా 2023 డిసెంబరులో ఇంత పెద్ద చట్టం పార్లమెంటు దాటిన రోజుల్లో వందమందికి పైగా ప్రతిపక్ష ఎంపీలు సస్పెన్షన్‌లో ఉన్నారు. వాళ్లు కూడా కూర్చుని ప్రతి పదాన్నీ ప్రశ్నించి ఉంటే బాగుండేది.

నచ్చినవీ ఉన్నాయి. తాగి వీధిలో అల్లరి చేస్తే పాత చట్టంలో జుల్మానా పది రూపాయలు! ఇప్పుడు వెయ్యి, లేదా సమాజ సేవ చేయించవచ్చు. ఐదు వేల రూపాయల కన్నా తక్కువ విలువైన వస్తువు మొదటిసారి దొంగిలించినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే జైలు లేదు, సమాజ సేవే శిక్ష. చిల్లర దొంగతనానికి జైలుకెళ్లి, అక్కడ పెద్ద దొంగలతో కలిసి పాడైపోయిన కుర్రాళ్లను చూశాను కనుక ఈ మార్పు చదివి సంతోషించాను. కులం, భాష, పుట్టిన ఊరు, నమ్మకం లాంటివి కారణంగా ఐదుగురో అంతకు మించో మూకగా కలిసి మనిషిని చంపితే దానికి విడిగా మరణశిక్ష లేదా యావజ్జీవం పెట్టారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని నేరానికి వాడుకునే పెద్దవాళ్లకు కనీసం మూడేళ్లు జైలు.

2024 జులైకి ముందు జరిగిన నేరాలకు మాత్రం పాత సెక్షన్లే. చేసినప్పుడు ఉన్న చట్టం ప్రకారమే శిక్షించాలని రాజ్యాంగం 20వ అధికరణం అంటుంది. కాబట్టి హత్యకు 302, మోసానికి 420 అన్న పాత నంబర్లు ఇంకా చాలా ఏళ్లు కోర్టుల్లో వినిపిస్తూనే ఉంటాయి.

మీకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది న్యాయ సంహితలో లేదు. దానితోపాటే, పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 173వ సెక్షన్ ఉంది. ఫిర్యాదు పట్టుకుని స్టేషన్‌కు వెళ్తే, ఇది మా పరిధి కాదు, ఫలానా స్టేషన్‌కు వెళ్లండి అని తిప్పడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న జబ్బు. 2019లో హైదరాబాదు శివార్లలో ఒక అమ్మాయి ఇంటికి రాలేదని పరుగెత్తిన కుటుంబం కూడా, ఇలా తిప్పి తమ సమయం పోగొట్టారని ఏడ్చింది. పరిధి చూడకుండా ముందు కేసు రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ అన్న పద్ధతి అప్పటికే ఆదేశాల రూపంలో ఉంది. ఇప్పుడు చట్టంలోనే రాశారు. పోలీసులు తమంతట తాము కేసు పెట్టగల నేరమైతే, అది ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఈమెయిల్ లాంటి మార్గంలోనూ పంపవచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చారు. అది జాప్యానికి సాకు కాకుండా చూసుకోవాల్సింది మనమే.

ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బు తీసుకోకుండా వెంటనే ఇవ్వాలి. అడిగి తీసుకోండి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే అదే విషయం రాసి ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టండి.

ఇట్లు
మీ తాతయ్య