సగమే చదివిన ఎక్స్ఎంఎల్: బ్రౌజర్ పార్సింగ్ వెనక పాతికేళ్ల కథ

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసిన పాత ఇన్సూరెన్స్, బ్యాంకు అప్లికేషన్లను క్రోమ్‌కు మార్చే టీముల్లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పనిలో తగిలే చిక్కుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది చప్పుడు చేయదు. సర్వర్ ఎక్స్ఎంఎల్‌లో, అంటే డేటాను ట్యాగుల మధ్య పెట్టి పంపే ఫార్మాట్‌లో, 200 రికార్డులు పంపితే స్క్రీన్ మీద 137 కనిపిస్తాయి. కన్సోల్‌లో ఒక్క ఎర్రరూ ఉండదు. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

1998 ఫిబ్రవరి 10న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎక్స్ఎంఎల్ 1.0ను ఖరారు చేస్తూ కఠినమైన నియమం పెట్టింది. ఒక్క ట్యాగు మూయకపోయినా అది ఫేటల్ ఎర్రరే. పార్సర్, అంటే ఎక్స్ఎంఎల్‌ను చదివి చెట్టులా అమర్చే ప్రోగ్రాము, ఆ సంగతి అప్లికేషన్‌కు చెప్పి తీరాలి, మామూలు పని అక్కడితో ఆపేయాలి. హెచ్‌టీఎంఎల్‌లో లాగా సర్దుకుపోవడం కుదరదు. అయితే ఆ సంగతి ఎక్సెప్షన్‌గా (కోడ్‌ను మధ్యలోనే ఆపే ఎర్రర్‌గా) చెప్పాలా, రిటర్న్ విలువగా చెప్పాలా అన్నది ఆ ప్రమాణ పత్రంలో లేదు. దాంతో ఎవరి దారి వాళ్లు వేసుకున్నారు.

1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పాటు మైక్రోసాఫ్ట్ పార్సర్ ఎంఎస్ఎక్స్ఎంఎల్ 2.0 వచ్చింది. యాక్టివ్‌ఎక్స్ (మైక్రోసాఫ్ట్ ప్లగిన్ పద్ధతి) ఆబ్జెక్టు తయారుచేసి లోడ్‌ఎక్స్ఎంఎల్‌కు టెక్స్ట్ ఇస్తే ట్రూ లేదా ఫాల్స్ తిరిగొచ్చేది. ఫాల్స్ వస్తే పార్స్‌ఎర్రర్‌లో కారణం, లైను, కాలమ్ అన్నీ దొరికేవి. అసలు ఎవరూ చూడకపోయినా డాక్యుమెంట్‌ఎలిమెంట్ (రూట్, అంటే అన్నిటికంటే పై ట్యాగు) నల్‌గా, అంటే ఖాళీగా, ఉండేది కాబట్టి తర్వాతి లైనులోనే స్క్రిప్టు పగిలేది. ఆ పగలడమే చాలా కోడ్‌ను కాపాడింది.

ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా, స్క్రిప్టు నుంచి ఎక్స్ఎంఎల్‌ను చదివే డామ్‌పార్సర్‌ను తెచ్చింది. అందులో పార్స్‌ఫ్రమ్‌స్ట్రింగ్ తప్పు దొరికినా ఎక్సెప్షన్ విసరదు, డాక్యుమెంటునే ఇస్తుంది. దాని రూట్ మాత్రం పార్సర్‌ఎర్రర్ అనే ఎలిమెంట్. చెడిన పేజీని తెరిచినప్పుడు యూజర్‌కు చూపించే ఎర్రర్ పేజీ కూడా ఈ ఎలిమెంటే. మనుషులు చదవాల్సిన సందేశాన్ని ప్రోగ్రాములకూ అంటగట్టడం సరైన డిజైన్ కాదు, కానీ అదే నిలిచిపోయింది. 2004 ఏప్రిల్‌లో డామ్ లెవెల్ 3 లోడ్ అండ్ సేవ్ పేరుతో డబ్ల్యూ3సీ వేరే పద్ధతి ఖరారు చేసినా పెద్ద బ్రౌజర్లలో అది నిలదొక్కుకోలేదు. ఇప్పుడు హెచ్‌టీఎంఎల్ స్టాండర్డ్‌లో ఉన్నదీ మొజిల్లా పద్ధతే, దాని నేమ్‌స్పేస్‌తో (ఎలిమెంట్ పేరు ఏ సమూహానిదో చెప్పే గుర్తు) సహా.

ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌పాట్ అనే పార్సర్‌ను వాడితే, సఫారీ, క్రోమ్ లిబ్‌ఎక్స్ఎంఎల్2 అనే ఇంకో పార్సర్ మీద ఆధారపడ్డాయి. ఈ రెండు బ్రౌజర్లూ తప్పు వచ్చేదాకా కట్టిన చెట్టును పారేయవు. రూట్ లోపల మొదటి పిల్లగా పార్సర్‌ఎర్రర్‌ను చొప్పించి, మిగతాది అలాగే ఉంచుతాయి. 138వ రికార్డులో తప్పుంటే అంతకుముందు 137 రికార్డులూ భద్రంగా దొరుకుతాయి, లూప్ హాయిగా తిరుగుతుంది. అదే కోడ్ ఫైర్‌ఫాక్స్‌లో సున్నా రికార్డులు చూపిస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9లో డామ్‌పార్సర్ చేరినప్పుడు అది మూడో దారి పట్టి, సింటాక్స్‌ఎర్రర్ విసిరింది. అందుకే డామ్‌పార్సర్ చుట్టూ ట్రై-క్యాచ్ (ఎక్సెప్షన్‌ను పట్టుకునే ఏర్పాటు) పెట్టిన పాత కోడ్ కనిపిస్తుంది. క్రోమ్‌లో ఆ క్యాచ్ ఎప్పటికీ పేలదు.

కాబట్టి పార్స్ అయిన వెంటనే, మరే నోడ్‌నూ ముట్టకముందు, క్వెరీసెలెక్టర్ అనే ఫంక్షన్‌తో పార్సర్‌ఎర్రర్ ఉందేమో వెతకాలి. క్రోమ్‌లో ఆ ఎలిమెంట్ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ నేమ్‌స్పేస్‌లో ఉంటుంది, ఫైర్‌ఫాక్స్‌లో మొజిల్లా నేమ్‌స్పేస్‌లో. నేమ్‌స్పేస్ ఇచ్చి వెతికితే ఒకచోట దొరికి ఇంకోచోట దొరకదు, ఉత్త పేరుతోనే వెతకాలి. దొరికితే దాని టెక్స్ట్‌కంటెంట్‌ను లాగ్ చేసి, డేటా మొత్తాన్నీ తిరస్కరించాలి. వచ్చినంత చూపిద్దాం అనుకోవడం డబ్బు లెక్కల్లో అసలు పనికిరాదు.

పాత కోడ్‌లో ఇంకో రెండు ఉచ్చులున్నాయి. ఎంఎస్ఎక్స్ఎంఎల్ ట్యాగుల మధ్య ఖాళీలను డిఫాల్ట్‌గా వదిలేసేది, డామ్‌పార్సర్ వాటిని టెక్స్ట్ నోడ్‌లుగా ఉంచుతుంది. అందుకే ఫస్ట్‌చైల్డ్ ఉన్నచోట ఫస్ట్‌ఎలిమెంట్‌చైల్డ్ రాయాలి. రెండోది మరీ మోసకారి: ఎంఎస్ఎక్స్ఎంఎల్ 3.0లో నోడ్‌లను వెతకడానికి వాడే డిఫాల్ట్ భాష ఎక్స్ఎస్ఎల్ ప్యాటర్న్, అందులో లెక్క సున్నాతో మొదలు. ఇప్పటి బ్రౌజర్లు వాడే ఎక్స్‌పాత్‌లో ఒకటితో మొదలు. ఎంఎస్ఎక్స్ఎంఎల్ సెలెక్ట్‌సింగిల్‌నోడ్‌ను బ్రౌజర్ల ఎవాల్యుయేట్‌గా మార్చినప్పుడు బ్రాకెట్లలోని ప్రతి అంకెనూ చూసుకోవాలి.

ఇక పార్స్ ఎందుకు చెడుతుందంటే, మన డేటాలో ఎక్కువగా కనిపించేవి మూడు. వ్యాపార సంస్థల పేర్లలో విడిగా వదిలేసిన '&' మొదటిది. ఎక్స్ఎంఎల్ డిక్లరేషన్‌కు (వర్షన్ చెప్పే మొదటి లైను) ముందు సర్వర్ స్క్రిప్టు వదిలిన ఖాళీ లైను రెండోది, డిక్లరేషన్ మొట్టమొదటి క్యారెక్టర్‌తోనే మొదలవ్వాలి. మూడోది అకౌంటింగ్ ప్యాకేజీల ఎక్స్‌పోర్ట్‌లలో దొరికే కంట్రోల్ క్యారెక్టర్లు. ఎక్స్ఎంఎల్ 1.0లో 32 కంటే తక్కువ కోడ్‌లలో 9, 10, 13 మాత్రమే చెల్లుతాయి. 4వ నంబరును న్యూమరిక్ రిఫరెన్సుగా రాసినా అది ఫేటల్ ఎర్రరే, సీడేటాలో (ట్యాగులుగా చదవకుండా వదిలే భాగం) ఆ క్యారెక్టర్‌ను దాచినా అంతే. బ్రౌజర్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వీటిని తీసేస్తే ఆ పూటకు గడుస్తుంది. కానీ అదే ఫైలును చదివే మిగతా ప్రోగ్రాములు విరుగుతూనే ఉంటాయి, కనుక పంపేచోటే వడకట్టించాలి.