మెట్ల కిందే ఆగిన చెత్త బండి

ఇంట్లో చెత్తను ఇక నాలుగు రకాలుగా వేరు చేసి ఇవ్వాలి. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినవి. ఏప్రిల్ 1, 2026 నుంచి అమలయ్యేలా కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పేది ఇదే. విజయవాడలో ఈ మాట ఎత్తితే చర్చ నాలుగో బుట్ట దగ్గర ఆగదు. నేరుగా 2021కి వెళ్లి, అప్పట్లో చెత్త తీసుకెళ్లినందుకు ఇంటింటికీ నెలనెలా వేసిన 'చెత్త పన్ను' మీద పడుతుంది.

2000 నాటి నిబంధనలు, డంపర్ బిన్లు, సింగ్‌నగర్ డంపింగ్ యార్డు మీద పోరాటాలు ఊళ్లో అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోవడం లేదు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సిన రోజు ఒకటే, 2021 అక్టోబర్ 2.

ఆ రోజు బెంజ్ సర్కిల్ దగ్గర అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి జెండా ఊపి క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) పథకం కింద రాష్ట్రమంతటికీ నాలుగు వేలకు పైగా చెత్త వాహనాలను రోడ్డెక్కించారు. ఇంటికి మూడు బుట్టలిచ్చారు. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడికి నీలం, మందులు, డైపర్ల లాంటి వాటికి ఎరుపు. మా ఇంట్లో నీలం బుట్టలో ఉల్లిపాయలు ఉంటాయి. పక్కింటివాళ్ల ఎర్ర బుట్టలో తులసి మొక్క ఏపుగా పెరిగింది.

బుట్టల వెనకే నెలకు 120 రూపాయల చార్జీ వచ్చింది. మురికివాడలకు కాస్త తక్కువ. 120 అంటే ఏడాదికి 1,440. అధికారులు దీన్ని పన్ను అనలేదు, యూజర్ చార్జీ అన్నారు. చెత్త ఇచ్చేవాళ్లు రుసుం కట్టాలని 2016 కేంద్ర నిబంధనల్లోనే ఉందన్నారు. అది నిజమే. కానీ అదే ఏడాది ఆస్తి పన్నును ఆస్తి విలువతో ముడిపెట్టడం మీద ఊరు మండిపడుతోంది. పట్టణ సంస్కరణలు చేస్తేనే రాష్ట్రాలను అదనపు అప్పు తెచ్చుకోనిస్తామని కేంద్రం 2020లో పెట్టిన షరతు దాని వెనక ఉంది. ఆ షరతులో నీళ్లు, డ్రైనేజీ చార్జీలున్నాయి గానీ చెత్త లేదు. అయినా జనం రెండింటినీ ఒకే గాటన కట్టారు. రెండూ ఒకే గుమ్మం ముందుకు వచ్చాయి కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం.

ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని తేదీ ఒకటుంది. 2021 నవంబర్ 20న, నగరాల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాల్లో ఇండోర్, సూరత్‌ల తర్వాత మూడో స్థానం విజయవాడకు వచ్చింది. ఆ సర్వే క్లాప్ ఆటోలు రాకముందే అయిపోయింది. అంటే ఆ ర్యాంకు అంతకు ముందున్న పద్ధతిది, తోపుడు బండిది, ఈల ఊదుకుంటూ వచ్చే మనిషిది.

పన్ను గొడవలో కనపడకుండా పోయింది ఆ మనిషే. వించిపేట, చిట్టినగర్, విద్యాధరపురం, మొగల్రాజపురం, గుణదల కొండల మీద వేల కుటుంబాలున్నాయి. అక్కడ వీధి అంటే మెట్లే. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఎవరింటి గుమ్మంలోకో ఒదగాలి. ఆటో కింద మలుపులో ఆగి మైకులో పాట పెడుతుంది. ఎనభయ్యో మెట్టు మీదున్న ఆవిడ ఆ పాట విని, స్టవ్ కట్టేసి, కవరు ముడేసి, చెప్పులేసుకుని దిగేసరికి బండి పక్క వీధిలో ఉంటుంది. ఆ కవరు మళ్లీ పైకెక్కదు. మెట్ల పక్క కాలువలోకి పోతుంది. వానొస్తే అదే కవరు కిందికి దిగి వన్‌టౌన్ డ్రైన్లకు అడ్డం పడుతుంది. మెట్లెక్కి తట్టతో చెత్త దింపుకురావడం మనిషి చేయాల్సిందే, ఆటోకి అది చేతకాదు.

డబ్బు లెక్క కూడా ఆటో చుట్టూనే తిరిగింది. వాహనాలు ప్రైవేటు ఏజెన్సీవి, నెలనెలా అద్దె కట్టాల్సి వచ్చేది. ఆ అద్దెకు ఆధారం యూజర్ చార్జీ. వసూలు బాధ్యత వార్డు సచివాలయాల్లోని శానిటేషన్ సెక్రటరీల నెత్తిన పడింది. ఉదయం వీధి శుభ్రం చూడాల్సినవాళ్లు రశీదు పుస్తకాలు పట్టుకుని తలుపులు కొట్టారు. ఆ తలుపు దగ్గర వాళ్లకు ఏం మర్యాద జరిగిందో చెప్పనక్కర్లేదు.

కార్మికులకు ఇదేమీ కొత్త కాదు. పారిశుధ్యాన్ని ప్యాకేజీలుగా కాంట్రాక్టర్లకు ఇచ్చే 279 జీవో మీద 2018లోనే సమ్మె చేశారు. 2020లో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ప్రభుత్వ సంస్థ ఆప్కాస్ వచ్చి వాళ్ల జీతం కాంట్రాక్టరు చేతిలోంచి తప్పింది. ఆటో డ్రైవర్లు మాత్రం ఏజెన్సీ కిందే ఉండిపోయారు. ఒకే బండి మీద ఇద్దరు మనుషులు, ఇద్దరికీ యజమానులు వేరు. 2023 డిసెంబర్ 26న మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగి జనవరి రెండో వారం దాకా పని ఆపినప్పుడు ఆటోలు ఎక్కడికీ పోలేదు, అయినా వీధుల్లో కుప్పలు పేరుకున్నాయి. చెత్త ఎత్తుతున్నది ఎవరో ఊరికి అప్పుడు తెలిసింది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి ఊరిని ముంచింది. సింగ్‌నగర్ ఇళ్లలోంచి తడిసిన పరుపులు, ఫ్రిజ్‌లు, బియ్యం బస్తాలు రోడ్డు మీద గుట్టలయ్యాయి. వాటిని తీయడానికి వేరే పురపాలక సంఘాల నుంచి కార్మికులను రప్పించారు. నెల తిరిగాక అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు చెత్త పన్ను రద్దు ప్రకటించారు. క్లాప్ మొదలై ఆ రోజుకు సరిగ్గా మూడేళ్లు. ఎన్నికల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నామన్నది ప్రభుత్వం మాట. ఇళ్లకు ఊరట దొరికిన మాట నిజం. కానీ పన్ను రద్దుతో బండి ఖర్చు రద్దు కాలేదు, అది కార్పొరేషన్ ఖాతాలోకి మారింది.

ఇక ఎత్తిన చెత్త ఎటు పోతుందో చూద్దాం. గుంటూరుకు దగ్గర్లోని కొండవీడు వద్ద చెత్తతో 15 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు 2022లో మొదలైంది. విజయవాడ చెత్తకూ దారి అటే. అక్కడికి పోయేది తడీ పొడీ కలిసిందైతే సరిగ్గా మండదు. పచ్చి అరటి తొక్క మండదు కదా. కాబట్టి ఇంట్లో వేరు చేయడం అవసరమే, దాన్ని ఎవరూ కాదనడం లేదు. 2025 జూలైలో విజయవాడ, గుంటూరు రెండూ స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మేటి నగరాలకు పెట్టిన సూపర్ స్వచ్ఛ లీగ్ జాబితాలో చేరాయి కూడా.

ఇంట్లో వేరు చేసిన నాలుగు రకాలూ అలాగే చేరాలంటే వాటిని గుమ్మం దగ్గర చూసి తీసుకునే మనిషి కావాలి. వించిపేట కొండ మీద మెట్లు 2021లో ఎన్నున్నాయో ఇప్పుడూ అన్నే. అవి ఎక్కి చెత్త తేవడానికి ఎంతమందిని పెడతారన్న లెక్క నాలుగు రకాల నిబంధనలో లేదు, మూడు బుట్టలిచ్చిన రోజునా లేదు.